పావని వావని అయిన కథ: శుభలేఖ కోసం తెలుగు ఫాంట్ చేసిన నా అనుభవం

ప్రూఫ్ కాగితం చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, పెళ్లికూతురి మామ్మగారు పైకి చదివారు. "చి.ల.సౌ. వావని..." అక్కడ ఆగిపోయి మనవరాలి వైపు తిరిగి, "వావని ఎవరే?" అన్నారు. షాపులో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ కూడబలుక్కుని మరీ సరిగ్గానే చదివారు. అక్కడ నేను గీసింది వావనే.

రాజమండ్రిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఓణీల ఫంక్షన్ ఇన్విటేషన్లు, ఎప్పుడైనా ఓ పుస్తకం. శుభలేఖ పనిలో మా టెన్షనంతా పేర్ల దగ్గరే. ముహూర్తం, విందు, వేదిక ఏ ఫాంట్‌లో వేసినా పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వధూవరుల పేర్లు మాత్రం ఇంటిల్లిపాదీ చేతులు మార్చుకుంటూ చూస్తారు. పావని వాళ్లు కార్డు రెండు భాషల్లో వేయించమన్నారు. ఇంగ్లీషు వైపు పేర్లు ఆ అమ్మాయే తన మ్యాక్‌లో టైపు చేసి తెచ్చింది, జాఫినో ఫాంట్‌లో. "తెలుగు పేజీలో కూడా ఇలాగే రావాలండి, ఇదే స్టైలు" అంది.

జాఫినో గురించి ఒక మాట చెప్పాలి. జర్మనీకి చెందిన హెర్మన్ జాఫ్ అనే ఆయన గీసిన అక్షరాలవి. 1998లో లైనోటైప్ సంస్థ విడుదల చేసింది. యాపిల్ కంప్యూటర్లలో ముందే వేసి ఇస్తారు కాబట్టి ప్రపంచంలో సగం పెళ్లికార్డుల మీద అదే కనిపిస్తున్నట్టుంటుంది. ఒక్కో అక్షరానికి రకరకాల రూపాలుంటాయి, పక్క అక్షరాన్ని బట్టి తోక పొడుగవుతుంది, పొట్టవుతుంది. ఒకదాని తోక ఇంకోదాని కిందకి దూరుతుంది. చూస్తే ఎవరో నిబ్బుతో ఒక్క ఊపులో రాసేసినట్టే ఉంటుంది.

నా దగ్గర తెలుగు ఫాంట్లు లేక కాదు. డీటీపీలో అందరిలాగే "అను" అనే పేరున్న ఫాంట్లతోనే చెయ్యి తిరిగింది. యూనికోడ్‌లోకి (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) వచ్చాక సిలికానాంధ్ర సంస్థ వాళ్లు విడుదల చేసినవి వాడుతున్నాను: మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు, ధూర్జటి, తిమ్మన, పెద్దన. కవుల పేర్లు ఉండటం వల్ల మా కుర్రాడు "మేడమ్, పెద్దనలో వెయ్యనా తిమ్మనలో వెయ్యనా" అని అడుగుతుంటే భువనవిజయంలో కూర్చున్నట్టుంటుంది. బాపుగారి చేతిరాతలా ఉండాలని అడిగేవాళ్లకైతే లెక్కే లేదు. కానీ జాఫినో పక్కన పెడితే వీటిలో ఏదీ జత కుదరలేదు. ఒకటి మరీ బొద్దుగా, ఒకటి మరీ బుద్ధిగా. సరే, పేర్లు రెండే కదా, చేత్తో రాసి స్కాన్ చేసేద్దాం అనుకున్నాను. కట్ నిబ్ పెన్ను, ఇండియన్ ఇంకు, ఒక దస్తా ఆర్ట్ పేపరు కొనుక్కొచ్చాను.

అక్కడే బోల్తా పడ్డాను. జాఫినోని పక్కన పెట్టుకుని, దాని అందమంతా కలపడంలోనే ఉందని అనుకున్నాను. అందుకే పా రాసేటప్పుడు పెన్ను ఎత్తలేదు. ఎడమవైపు మెలి తిప్పి, కింద బొజ్జ గీసి, పైకి తీసుకొచ్చి, అదే ఊపులో దీర్ఘాన్ని ఒంటికి తగిలించి, దాని కొసని పక్కనున్న వ మీదకి వదిలాను. గీత మెరిసిపోయింది. అది పా కాకుండా పోయిందని నాకు తట్టనే లేదు. పావని అని నాకు ముందే తెలుసు కాబట్టి నా కళ్లు పావని అనే చదివాయి. మామ్మగారికి ముందే ఎవరూ చెప్పలేదు మరి.

చిన్నప్పుడు పలక మీద దిద్దినవాళ్లకి ఇది గుర్తుండే ఉంటుంది. ప కీ వ కీ తేడా ఏమిటి? ఒంట్లో పెద్ద తేడా లేదు. వ కి తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది. ప కి తలకట్టు విడిగా, పైన గాల్లో ఉంటుంది. ఆ మధ్యనున్న ఖాళీయే ప. స, ష, హ, ఫ, ఘ కూడా అంతే, వీటన్నిటి నెత్తిన తలకట్టు తగలకుండా నిలబడుతుంది. ఇంగ్లీషులో రెండక్షరాల మధ్య ఖాళీ పూడ్చేస్తే గొలుసుకట్టు అవుతుంది. మనకి ఒకే అక్షరంలో ఖాళీ పూడ్చేస్తే వేరే అక్షరం అవుతుంది.

ఆ రాత్రి రెండు పేర్లూ మళ్లీ రాశాను, ఈసారి పెన్ను ఎత్తాల్సిన చోట ఎత్తి. పొద్దున్నే మా కుర్రాణ్ణి పిలిచి, పేరు చెప్పకుండా, "చదువు" అన్నాను. చదివాడు. మా పక్కన టీకొట్టాయన్నీ పిలిచి చదివించాను. ఆ కార్డులు అలా వెళ్లిపోయాయి. పెళ్లి బాగా జరిగిందిట. నాకు మాత్రం ఈ పిచ్చి పట్టుకుంది: రెండు పేర్లు కాదు, మొత్తం ఫాంటే చేస్తే?

చేస్తే ఎన్ని గీయాలో ముందు లెక్కేసుకోలేదు. వేసుకుని ఉంటే మొదలుపెట్టేదాన్నే కాదు. ఇంగ్లీషుకి పెద్దబడి, చిన్నబడి కలిపి 52. మనకి ఱ తో కలిపి 35 హల్లులు. ఒక్కో హల్లుకి క నుంచి కౌ వరకు పన్నెండు రూపాలు. 420. పొల్లుతో ఇంకో 35, ఒత్తులు మరో 35. అచ్చులు, సున్న, విసర్గ, అంకెలు, చుక్కలు, కామాలు. ఐదొందలు దాటిపోయింది. మామూలు ఫాంట్‌కయితే ఇన్ని గీయక్కర్లేదు. గుడి ఒకటి, కొమ్ము ఒకటి గీసుకుని, ఏ అక్షరం మీద ఎక్కడ కూర్చోవాలో గురుతులు పెడితే చాలు. కానీ నిబ్బుతో రాసిన వాలు అక్షరానికి అతుకు వేస్తే అతుకు కనిపిస్తుంది. కి లో గుడి తిరిగే వంపు వేరు, లి లో వేరు. అందుకని అందంగా రావలసినవన్నీ ఏ గుణింతం దాన్నే విడిగా గీయాలని నిర్ణయించుకున్నాను. ఙ, ఞ గుణింతాలు వదిలేశాను. ఙూ ఎవరి పెళ్లిలో వస్తుంది చెప్పండి?

మొదటి రెండు నెలలు కంప్యూటర్ ముట్టుకోలేదు. షాపు మూశాక రాత్రిళ్లు కాగితం మీదే. అప్పుడు తెలిసిన విషయం నిబ్బు వాలు. ఇంగ్లీషు రాసేవాళ్లు పట్టుకున్నట్టు నిబ్బు మొనని కుడివైపు పైకి చూసేలా 45 డిగ్రీల్లో పట్టుకుని తలకట్టు గీశాను. తలకట్టులో రెండు ముక్కలుంటాయి కదా, కిందకి దిగే పొట్టిది, పైకి లేచే పొడుగుది. ఆ వాలులో పొట్టి ముక్క లావుగా వస్తుంది, పొడుగు ముక్క వెంట్రుకలా వస్తుంది. కాగితం మీద పెద్ద సైజులో చూస్తే కోయిల రెక్క విదిల్చినట్టుంది. అదే అక్షరాన్ని కార్డు సైజుకి తగ్గించి ప్రింటు తీస్తే వెంట్రుక మాయమై, అక్షరం నెత్తిన ఒక చుక్క మిగిలింది. తలకట్టు పోయిన క ని చూస్తే గుండు చేయించుకున్న మనిషిని చూసినట్టుంది.

నిబ్బుని అడ్డంగా, దాదాపు పడుకోబెట్టి రాశాను. ఇప్పుడు తలకట్టు నిలబడింది కానీ అక్షరాల నడుములు లావెక్కాయి. హిందీ అందంగా రాసేవాళ్లు కలం మొనని ఎదురు వాలుగా కోస్తారు కదా, అదీ ప్రయత్నించాను. తలకట్టు పొడుగు ముక్క బ్రహ్మాండంగా లావుగా వచ్చింది, మిగతా ఒళ్లంతా తిరగబడింది. నిబ్బు మొన ఎటు పెట్టినా ఎక్కడో ఒకచోట గోల. మధ్యలో విసుగొచ్చి తలకట్టుని వంచి, దాదాపు అడ్డగీతలా సాగదీశాను. చూడ్డానికి హుందాగా ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి వాట్సాప్‌లో పంపితే, "అత్తా, కన్నడం ఎప్పుడు నేర్చుకున్నావు?" అని మెసేజ్ పెట్టాడు. కన్నడంలో తలకట్టు అడ్డంగా ఉంటుంది, మనది టిక్కు పెట్టినట్టుంటుంది. మిగతా ఒళ్లు అన్నదమ్ములదే. నేను ఒక్క గీత వంచి మొత్తం అక్షరాల్ని పక్క రాష్ట్రానికి పంపించేశాను.

ఆ వారమే గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాను. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి కూడా అక్కడున్న తాటాకు ప్రతుల్ని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. తాటాకు మీద గంటంతో గీస్తారు, సిరా ఉండదు. గీసిన తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నిలిచిన నలుపే అక్షరం. అడ్డంగా గట్టిగా గీస్తే ఆకు పీచు వెంట చీలిపోతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని పెద్దలు చెబుతారు. నేను చూసిన ఆకు మీద గీతలన్నీ ఒకే లావులో ఉన్నాయి. లావు సన్నాలు లేవు, తోకలు లేవు, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా లేదు. అయినా ఆ వరసలు అందంగా ఉన్నాయి. ఎందుకా అని చాలాసేపు చూశాను. రాసినాయన గంటం ఎత్తిన చోటల్లా ఒకే కొలతలో ఎత్తాడు. ప నెత్తిన ఎంత ఖాళీ వదిలాడో స నెత్తినా అంతే, హ నెత్తినా అంతే. తలకట్లన్నీ ఒకే వాలు. ఆకంతా ఆ ఖాళీలే దరువు వేస్తున్నట్టున్నాయి.

ఇంటికొచ్చి అప్పటిదాకా గీసినవన్నీ అట్టపెట్టెలో పడేశాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు అక్షరం ఒంటికి ఒక వాలు, తలకట్టుకి ఇంకో వాలు పెట్టుకున్నాను. అంటే ఒళ్లు రాశాక చేతిలో నిబ్బు కొంచెం తిప్పి తలకట్టు వేస్తాను. ఖాళీ కొలత కోసం నిబ్బు మందంలో సగం అని ఒక లెక్క రాసి గోడకి అంటించుకున్నాను. తోకలు సాగదీయాలనిపిస్తే అక్షరానికి బయట, ఎవరికీ అడ్డం రాని చోటే సాగదీయాలి. కొమ్ము దీర్ఘం కొస, ఏత్వం కొస, ఐత్వం కింద గుర్తు, క్రావడి (ర ఒత్తు). ఇవి మన దగ్గర పుట్టుకతోనే తోకలు. కొత్త తోకలు ఎక్కడినుంచో తెచ్చి అతికించే పని లేదు.

వధువు అనే ఒక్క మాట నన్ను పది రోజులు తిప్పింది. వ పక్కన కొమ్ము ఉన్న పాటుగా పెడితే అది మ లా అయిపోతుంది. అందుకే వు లో కొమ్ముని కిందకి దించి రాస్తారు. నేను ఊపులో కొమ్ముని పైకి లేపితే వధుమ అయింది. ఇక ధ కింద ఉండే చిన్న గీత. ద కీ ధ కీ ఉన్న తేడా అదొక్కటే. సన్నటి నిబ్బు అంచుతో వేస్తే చిన్న సైజులో కనిపించక వదువు అయింది. మూడక్షరాల మాటలో రెండు గోతులు. ఆ చిన్న గీతని చివరికి నిబ్బు పూర్తి మందంతో, బొట్టు పెట్టినట్టు వేశాను. ఛ, ఢ, ఫ, భ లకీ అదే బొట్టు.

కాగితం పని అయ్యాక స్కానింగ్. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ కొట్టాను. ఆటోమేటిక్‌గా వచ్చిన గీతలు నమ్మి మోసపోయాను. ళ ఒక్కదానికే గీతని వంచే పాయింట్లు నూట నలభై వచ్చాయి. కాగితం గరుకు, ఇంకు పాకుడు అన్నీ గీతలో చేరిపోయాయి. తర్వాత ప్రతి అక్షరం మీదా కొత్తగా గీసుకోవాల్సి వచ్చింది. వంపు బాగా పైకి, బాగా కిందకి, బాగా పక్కకి వెళ్లిన చోట మాత్రమే పాయింటు పెట్టాలి. అలా గీస్తే ళ ముప్ఫై పాయింట్లలోకి వచ్చింది. ఈ పని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు, ఏడు నెలలు మెడ నొప్పి తప్ప.

ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నీ పేర్చి, టైపు చేసి చూసిన రోజు మర్చిపోలేను. పద్మ అని కొడితే ద కి పొల్లు, పక్కన మ విడిగా నిలబడ్డాయి. అంత కష్టపడి గీసిన మ ఒత్తు ఎక్కడా కనబడలేదు. యూనికోడ్‌లో ఒత్తులకి వేరే సంఖ్యలు లేవు. ద, పొల్లు, మ అని మూడు అక్షరాలే మెషీన్‌కి తెలుసు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఆ రెంటినీ కలిపి ఒత్తు బొమ్మ పెట్టు అని ఫాంట్ లోపల నియమం రాయాలి. నేను రాశాను. రాసి కూడా పనిచెయ్యలేదు. నాలుగు రోజులు కిందా మీదా పడ్డాక తెలిసింది: ఆ నియమాల్ని తెలుగు లిపి కింద కాకుండా డీఫాల్ట్ అని ఉన్న గదిలో పెట్టాను. తెలుగు గదిలో వెతికిన కంప్యూటర్‌కి అక్కడేమీ దొరకలేదు. ఓపెన్ లైసెన్స్‌తో ఉన్న ఒక తెలుగు ఫాంట్ తెరిచి, వాళ్లు ఎలా సర్దుకున్నారో చూస్తే అయిదు నిమిషాల్లో అర్థమైపోయింది. ఆ పని మొదటిరోజే చేసుండాల్సింది.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. పద్మిని అని టైపు చేసేటప్పుడు ద, పొల్లు, మ, గుడి అనే వరసలో కొడతాం. కానీ గుడి కూర్చునేది మ ఒత్తు మీద కాదు, పైనున్న ద మీద. ఆ సర్దుబాటు ఫాంట్ చెయ్యక్కర్లేదు. హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్, అంటే అక్షరాల్ని వరసలో సర్దే సాఫ్ట్‌వేర్, గుడిని తీసుకెళ్లి ద పక్కన పెట్టి, అప్పుడు ఫాంట్‌కి అందిస్తుంది. దాంతో నేను గీసిన ది బొమ్మ వచ్చి కూర్చుంటుంది, ఒత్తు దాని కిందకి వెళ్తుంది. పలక మీద మనం చేసేదీ అదే కదా, ది వేసి కింద మావత్తు పెడతాం.

శ్రీ గురించి విడిగా చెప్పాలి. శుభలేఖ మొదలయ్యేదే దానితో. శ, దాని కింద క్రావడి, నెత్తిన గుడి దీర్ఘం. క్రావడి అక్షరం కిందనుంచి ఎడమ పక్కకి వచ్చి పైకి లేస్తుంది, గుడి దీర్ఘం కొస కుడి పక్కకి దిగుతుంది. రెండు చేతులూ చాచి నిలబడ్డట్టుంటుంది. ఎంత సాగదీసినా చదవడానికి అడ్డు రాదు కాబట్టి నా మోజంతా అక్కడ తీర్చుకున్నాను. శ్రీ నాలుగు రకాలు గీశాను. ఒకటి కార్డు నెత్తిన ఒంటరిగా వేసుకోవడానికి, క్రావడి ఒక పూర్తి చుట్టు తిరిగేది. ఒకటి శ్రీమతి, శ్రీనివాస్ లాంటి పేర్ల ముందు వచ్చేది, కుడి కొస పొట్టిగా. మిగతా రెండూ ఎందుకు గీశానో నాకూ తెలియదు, చెయ్యి ఆగలేదు. స్త్రీ మాత్రం ఏడిపించింది. త ఒత్తూ క్రావడీ రెండూ ఒకే చోటుకి వచ్చి పడతాయి. నియమాలతో జరపబోతే ఒకటి సరిచేస్తే ఇంకోటి గుద్దుకుంది. చివరికి స్త్రీని ముక్కలు చెయ్యకుండా ఒకే బొమ్మగా గీసి పెట్టేశాను.

టెస్టింగ్‌కి ఏం టైపు చెయ్యాలా అని వెతుక్కోనక్కర్లేకపోయింది. పెళ్లికార్డు మీద శ్లోకం ఉండనే ఉంది. "జానక్యాః కమలామలాంజలిపుటే యాః పద్మరాగాయితాః" అని మొదలయ్యేది. వేలసార్లు కంపోజ్ చేసినా ఎప్పుడూ అక్షరాల వారీగా చూడలేదు. క్యా, ద్మ, న్య, స్తా, స్ర, శ్యా, క్తా, అన్ని ఒత్తులూ వరసగా పరీక్షకి వచ్చి కూర్చున్నాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు, మిగతావి చాలావరకు పిల్ల అక్షరాలు. స్రస్తాః అన్న ఒక్క మాట సరిగ్గా రావడానికి క్రావడి వెడల్పులు మూడు చేసుకోవలసి వచ్చింది: ర, ట లాంటి సన్నవాటికి ఒకటి, స, ప లాంటివాటికి ఒకటి, ఘ, య లాంటి వెడల్పువాటికి ఒకటి. పై లైనులో ఒత్తు కిందకి, కింది లైనులో గుడి దీర్ఘం పైకి వెళ్లి ఢీకొనకుండా లైన్ గ్యాప్ కూడా బాగా పెంచాను. శ్లోకం నాలుగు పాదాలూ ఢీకొట్టుకోకుండా వచ్చిన రోజు రాత్రి పన్నెండున్నరకి మా ఆయన్ని లేపి చూపించాను. "బాగుంది" అని అటు తిరిగి పడుకున్నారు.

తెర మీద బాగున్నంత మాత్రాన సరిపోదని ప్రెస్సుకి వెళ్లాక తెలిసింది. మొదటి కార్డు మెరూన్ అట్ట మీద గోల్డ్ ఫాయిల్. బ్లాక్ చేయించి కొట్టించాం. సన్నగీతలు సగం పడ్డాయి, సగం లేచిపోయాయి. న లోపలి ఖాళీ బంగారంతో పూడుకుపోయింది. ప్రెస్సులో మిషను మీద ఉండే పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, "అమ్మా, ఈ గీత ఎంతుంది?" అన్నారు. లెక్క వేశాను. నేను గీసుకున్న చట్రం 1000 యూనిట్లు, సన్నగీత 12. పేర్లు వేసింది 24 పాయింట్ల సైజులో, అంటే చట్రం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. గీత 0.1 మిల్లీమీటరు తేలింది. ఆయన నవ్వి, "అంత సన్నం అట్టకి పట్టదమ్మా, ఫాయిల్ అన్నాక కాస్త ఒళ్లుండాలి" అన్నారు. సన్నగీతలన్నీ 30 యూనిట్లకి పెంచాను, పావు మిల్లీమీటరు వచ్చింది. లావుగీతలు అలాగే ఉంచాను. నిబ్బు జిలుగు కొంత తగ్గింది, ఆ మాట నిజమే. కానీ ధ కింద బొట్టు, ప నెత్తిన ఖాళీ రెండూ అట్ట మీద నిలబడ్డాయి. ఖాళీలు కూడా గీతలతో పాటు పెంచాలని అప్పుడు తట్టింది, లేకపోతే బంగారం కరిగి కలిపేస్తుంది. అంటే మళ్లీ పావని వావని.

ఫాంట్‌కి పేరు పెట్టలేదు. షాపులో అందరూ "మామ్మగారి ఫాంట్" అంటారు. ఇప్పుడు ఏ కొత్త అక్షరం గీసినా అరవై దాటినవాళ్ల చేత, మాట ముందు చెప్పకుండా, ఒకసారి చదివిస్తాను. యువకులు సగం చూసి సగం ఊహించేస్తారు, వాళ్ల వల్ల నాకు ఉపయోగం లేదు. కస్టమర్లు కొందరు కార్డు మొత్తం ఇందులోనే వెయ్యమంటారు. ఒప్పుకోను. పేర్లు, శ్రీరస్తు శుభమస్తు, మహా అయితే ఆహ్వానం అన్న మాట. అడ్రసూ, ముహూర్తం మండలిలోనో ఇంకోదాంట్లోనో వేస్తాను. ముహూర్తం ఉదయం అయిదింటికని చదువుకోవాల్సిన మనిషికి తోకలు, మెలికలు ఎందుకు? ఒకాయన పట్టుబట్టి భోజనాల లైను కూడా ఇందులోనే వేయించుకున్నాడు. పెళ్లికి వెళ్లి చూశాను, జనం విందు ఎక్కడని అడిగి తెలుసుకుంటున్నారు.

మిగిలిపోయినవి ఇంకా ఉన్నాయి. లక్ష్మి లో క్ష్మి, మూడు అంతస్తుల మేడ, అది గట్టెక్కింది. ఝ గుణింతం ఇంకా నచ్చలేదు. పోయిన నెల ఒక నాన్నగారు వచ్చి కూతురి పేరు చెప్పారు, జ్యోత్స్న. త కింద స ఒత్తు, దాని కింద న ఒత్తు, ముందు జ్యో ఓత్వం కొస పైన. టైపు చేసి చూస్తే మూడూ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. ఆయనకి కనబడకుండా స్క్రీను కొంచెం ఇటు తిప్పుకుని, "పెళ్లి ఎప్పుడండీ?" అని అడిగాను.

"మాఘమాసంలోనమ్మా, ఇంకా మూడు నెలలుంది."

"సరే అయితే," అని ఆర్డరు రాసుకున్నాను.